రాళ్లకు నంబర్లు

ప్రోగ్రాం నడుస్తున్నంతసేపే ఆబ్జెక్టుకు బతుకు. ఆపితే పోతుంది, కరెంటు పోయినా పోతుంది. ఒక బ్యాంకు ప్రోగ్రాంలో ఖాతాదారుడు, అతని ఖాతా, ఆ ఖాతాలోని లావాదేవీలు, ఖాతా ఉన్న బ్రాంచి, ఇవన్నీ మెమరీలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పట్టుకోవడం అంటే, ఒక ఆబ్జెక్టు దగ్గర ఇంకో ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. దాన్ని రిఫరెన్స్ అంటాం. ఈ రిఫరెన్సులన్నీ కలిస్తే అదొక వల. ఆ వలను డిస్కు మీద దాచాలన్నా, ఇంకో మెషీన్‌కు పంపాలన్నా, వలను వలగానే ఎత్తి పెట్టడం కుదరదు. బైటు వెనక బైటు, ఒకే వరసలో రాయాలి. తర్వాత ఎవరో ఆ వరసను చదివి వలను మళ్లీ అల్లాలి. వరసగా రాయడం సీరియలైజేషన్. మళ్లీ అల్లడం డీసీరియలైజేషన్. కంప్యూటర్లతో పనిలేనివాళ్లకు ఈ రెండు మాటలూ గుర్తుండక్కర్లేదు. దాచడం, తిరిగి నిలబెట్టడం అనుకుంటే చాలు.

కొత్తగా చేరినవాళ్లకు దీన్ని వివరించాల్సి వస్తే నాకు జావా కంటే ముందు అలంపురం గుర్తొస్తుంది.

కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే అలంపురం దగ్గరే. నవబ్రహ్మ ఆలయాలు చూడ్డానికి వెళ్లినవాళ్లు అక్కడున్న సంగమేశ్వరాలయాన్ని కూడా ఆ ఊరి గుడే అనుకుంటారు. కాదు. అది కూడవెల్లి గుడి. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసేచోట బాదామి చాళుక్యుల కాలంలో కట్టింది. శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోతుందని దాన్ని విప్పి, రాళ్లకు గుర్తులు వేసి, అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి ఆలయాలనూ అలాగే తరలించారు. మునిగే సంగమేశ్వరం దగ్గరి రూపాల సంగమేశ్వరుడి గుడిని కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీదికి చేర్చారు.

ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గుడి ఒక వల. ప్రతి రాయీ పక్క రాయి మీద ఆధారపడి నిలబడుతుంది. విప్పినప్పుడు ఆ ఆనుకోవడం పోతుంది, రాళ్ల వరస మాత్రం మిగులుతుంది. రాయి మీది నంబరు, చేతిలోని డ్రాయింగు కలిస్తేనే గుడి. నంబర్లు లేని రాళ్లు రాళ్లగుట్టే. రాళ్లు లేని డ్రాయింగు ఉత్త కాగితమే.

ఇక్కడికి రాగానే తత్వశాస్త్రం చదివిన మిత్రులు థీసియస్ ఓడ ప్రస్తావన తెస్తారు. చెక్కలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే అది పాత ఓడేనా అని. అలంపురంలో రాళ్లు మారలేదు, చోటు మారింది. మరి అది కూడవెల్లి గుడేనా? మా వృత్తిలో ఈ ప్రశ్నకు ఒక పొడి జవాబు ఉంది. జావాలో రెండు ఆబ్జెక్టులను పోల్చడానికి రెండు దారులు. లోపలి విలువలు ఒకటేనా అని అడగొచ్చు. లేదా రెండు పేర్లూ ఒకే ఆబ్జెక్టును చూపిస్తున్నాయా అని అడగొచ్చు. దాచి మళ్లీ తెచ్చిన ఆబ్జెక్టును అసలు దానితో పోలిస్తే మొదటి ప్రశ్నకు అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తుంది. విలువలన్నీ అవే, ఆబ్జెక్టు వేరు. చాలామంది ప్రోగ్రామర్లు ఇక్కడితో ఆగిపోతారు. విలువలు సరిపోయాయి కదా, ఇంకేం కావాలి?

ఆ గుడి పేరే జవాబు చెబుతుంది. సంగమేశ్వరుడు అంటే సంగమానికి ఈశ్వరుడు. ఆ పేరు తనలో తాను పూర్తికాదు, బయట ఉన్న రెండు నదులను వేలుపెట్టి చూపిస్తుంది. అదొక రిఫరెన్స్. రాళ్లు అలంపురం వచ్చాయి, సంగమం రాలేదు. జగన్నాథగట్టు మీద ఏ నదీ ఏ నదిలోనూ కలవదు. గుడి లోపలి లెక్క తప్పలేదు. బయట ఎవర్ని చూసి ఆ పేరు పెట్టారో వాళ్లు అక్కడ లేరు, అంతే.

మేం రోజూ చూసేదీ ఇదే. ఆబ్జెక్టులోని అంకెలూ అక్షరాలూ తేలిగ్గా డిస్కు మీదకు వెళ్లిపోతాయి. ఇంకో మెషీన్‌తో మాట్లాడుతున్న నెట్‌వర్క్ కనెక్షన్ వెళ్లదు. నడుస్తున్న థ్రెడ్ వెళ్లదు. అవి వస్తువులు కావు, ఆ క్షణంలో జరుగుతున్న పనులు. కనెక్షన్ నంబరు రాసిపెట్టుకోవచ్చుగానీ రేపు ఆ నంబరుకు అవతలివైపు ఎవరూ ఉండరు. నది కూడా అట్లాంటిదే.

విప్పి తరలించకుండా వదిలేసిన సంగమేశ్వరుడు ఇంకొకడున్నాడు. ఇప్పటి నంద్యాల జిల్లాలో, సప్తనదీ సంగమం అని చెప్పుకునే చోట, వేప మొద్దును లింగంగా కొలిచే గుడి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి కిందే ఉంటుంది. ఎండాకాలం జలాశయం తగ్గితే మొదట శిఖరం, తర్వాత గుడి బయటపడతాయి. జనం వస్తారు, పూజలు మొదలవుతాయి. నీళ్లు పెరిగితే మళ్లీ మునుగుతుంది. దాన్నెవరూ కాపాడలేదు, రాళ్లు అరుగుతున్నాయి. కానీ అతని పేరు మాత్రం ఈనాటికీ అబద్ధం కాలేదు. భద్రంగా ఉన్న గుడికి నది లేదు, నది ఉన్న గుడికి భద్రత లేదు. ఏది మేలో నేను తేల్చలేను. కాపాడాం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ తేడా కనిపించదు, అదే నాకు ఇబ్బంది.

మన పెద్దలకు ఇది తెలియనిదేం కాదు. పూజలు జరుగుతున్న గుడిని బాగుచేయాల్సి వస్తే ముందు కళాకర్షణ చేస్తారు. మూర్తిలోని కళను కుంభంలోని నీటిలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి, పని అయ్యాక తిరిగి ప్రతిష్ఠ చేస్తారు. యాదగిరిగుట్టలో 2022 మార్చిలో మహాకుంభ సంప్రోక్షణ జరిగేదాకా కొన్నేళ్లపాటు దర్శనాలు బాలాలయంలోనే. నమ్మకం సంగతి పక్కన పెట్టి పద్ధతి చూడండి. రాళ్లు కదిలితే సరిపోదు, రాళ్లు కానిదాన్ని వేరుగా తీసి వేరుగా దాచాలి, తిరిగి పెట్టేటప్పుడు దానికంటూ ఒక తంతు ఉండాలి అని దాని అర్థం. జావాలో కూడా ఆబ్జెక్టును చదివి తెచ్చాక చివర ఒక మెథడ్ రాసుకునే వీలుంది. తెగిపోయిన కనెక్షన్లను అక్కడ మళ్లీ కలపాలి. అది రాయకపోయినా ప్రోగ్రాం కంపైల్ అవుతుంది. అందుకే చాలాచోట్ల రాయరు.

ఇంతవరకూ గుళ్ల సంగతి. అసలు నన్ను నిలవనివ్వని సంగతి జావాలోని ఒక చిన్న మాట. ట్రాన్సియెంట్. ఏదైనా ఫీల్డు ముందు ఆ మాట రాస్తే దాన్ని దాచొద్దని అర్థం. పాస్‌వర్డు డిస్కు మీద పడకూడదు, ట్రాన్సియెంట్. మళ్లీ లెక్కగట్టుకోగలిగిన మొత్తాన్ని దాచడం దండగ, ట్రాన్సియెంట్. చాలాసార్లు ఇది సరైన నిర్ణయమే. కానీ నిర్ణయం ఎవరిది? క్లాసు రాసినవాడిది. ఆబ్జెక్టును ఎవరూ అడగరు. మళ్లీ నిలబెట్టినప్పుడు ఆ ఫీల్డులో నల్ ఉంటుంది. చూసేవాడికి అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదని కూడా తెలియదు. పోగొట్టుకున్నదానికీ మొదట్నుంచీ లేనిదానికీ నల్ ఒకటే.

శ్రీశైలం ముంపులో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పోయింది గుళ్లొక్కటే కాదు. దాదాపు వంద ఊళ్లు, లక్షమందికి పైగా మనుషులు. 1981లో ఆ ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాన్ని ఒక క్లాసుగా చదవండి. ఏ ఫీల్డులున్నాయి? భూమి మార్కెట్ విలువ. దాని మీది పంట, చెట్లు. ఇల్లు మారడానికి సముచితమైన ఖర్చు. అన్నిటికీ ముందు, ఆ భూమిలో హక్కు ఉన్నవాడి పేరు. సెంటు భూమి లేకుండా ఊళ్లో కూలి చేసుకు బతికినవాడికి ఆ క్లాసులో ఫీల్డే లేదు. గొర్రెలు మేసిన బీడు, పండగనాడు కూడే రచ్చబండ, అత్తగారి ఊరికి నడిచి వెళ్లేంత దూరం, అప్పు పుట్టే చోటు, పెద్దలను పూడ్చిన చోటు, అన్నీ ట్రాన్సియెంట్. ఎవరూ కావాలని ఆ మాట రాయలేదు. ఫీల్డు పెట్టకపోతే చాలు, ఫలితం ఒకటే.

ఇంకో చిక్కుంది. ఇద్దరు అన్నదమ్ములకు ఒక ఉమ్మడి బావి ఉందనుకోండి. రెండు ఆబ్జెక్టులూ ఒకే బావిని పట్టుకుని ఉంటాయి. ఇద్దరినీ కలిపి ఒకే వరసలో రాస్తే జావా బావిని ఒక్కసారే రాస్తుంది, రెండోసారి వచ్చినప్పుడు ఇందాకటిదే అని గుర్తు పెడుతుంది. తిరిగి నిలబెడితే బావి ఒకటే, పంచుకునేవాళ్లు ఇద్దరు. అదే ఇద్దరినీ వేర్వేరుగా రాస్తే తిరిగొచ్చేది రెండు బావులు, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు మనుషులు. లెక్కల్లో ఏ తప్పూ కనిపించదు. పైగా ఒక బావి ఎక్కువొచ్చింది! ఊరిని కుటుంబం కుటుంబంగా, పట్టా పట్టాగా విడదీసి పరిహారం లెక్కగట్టినప్పుడు జరిగేది ఇదే. ప్రతి కుటుంబం లెక్కా సరిపోవచ్చు. ఆ లెక్కలన్నీ కూడినా ఊరు రాదు. గుడిని అట్లా విప్పలేదు. దాన్ని ఒకే వరసలో రాశారు, ఏ రాయి పక్కన ఏ రాయో రాసుకున్నారు. ఊళ్లో ఎవరింటి పక్కన ఎవరిల్లో ఏ కాగితంలో రాశారు?

దీనికి ఒక గట్టి ఎదురు వాదన ఉంది, అది నాకు బాగా తెలిసిన వాదనే. అన్నీ దాచడం అసాధ్యం. ఒక ఖాతాదారుణ్ణి దాచబోతే అతను పట్టుకున్న ఖాతా వస్తుంది, ఖాతా పట్టుకున్న బ్రాంచి వస్తుంది, బ్రాంచి పట్టుకున్న ఇతర ఖాతాదారులంతా వస్తారు. ఎక్కడో తెంచకపోతే బ్యాంకంతా డిస్కు మీదకు వచ్చి కూర్చుంటుంది. ఊరు కూడా అంతే. ఊరు సంతను పట్టుకుంటుంది, సంత ఇంకో పది ఊళ్లను పట్టుకుంటుంది. గీత ఎక్కడో ఒకచోట గీయాల్సిందే. పైగా శ్రీశైలం నీళ్లు ఎవరికో పరాయివాళ్లకు పోలేదు. పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లిన నీళ్లు వెలుగోడు మీదుగా కడప జిల్లా బ్రహ్మంసాగర్ దాకా వెళ్తాయి. సీమలో జలాశయం మట్టం 885 అడుగులకు చేరిందా లేదా అన్నది పత్రికలో మొదట వెతుక్కునే అంకె. ఆ నీళ్లు తాగుతూ ఆనకట్ట కట్టాల్సింది కాదనడం నాకు నిజాయితీగా అనిపించదు.

కాబట్టి నా తగాదా గీత గీయడంతో కాదు. గీత ఎవరు గీశారు, గీసే ముందు ఎవర్ని అడిగారు, గీతకు అవతల పడినదాన్ని కనీసం రాసిపెట్టారా అన్నదానితో.

అడిగితే, శ్రద్ధపెడితే, రిఫరెన్సును కూడా దాచొచ్చు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కింద మునిగే అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తుకు చేర్చి మళ్లీ పేర్చారు. ఆ పెద్ద గుడిలో ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, పొద్దున్నే ఎండ గర్భగుడిదాకా పోయి విగ్రహాల మీద పడుతుంది. కొత్త చోట కూడా పడుతోంది. సూర్యుణ్ణి విప్పి తేలేరు కదా! సూర్యుడితో ఆ గుడికి ఉన్న సంబంధాన్ని కొలుచుకున్నారు, దిక్కు తప్పకుండా నిలబెట్టారు. రాయి కానిదానికి కూడా ఒక ఫీల్డు పెట్టారన్నమాట. అదే ఆనకట్ట కింద దాదాపు 50 వేలమంది నూబియన్లు ఊళ్లు వదిలారు. వాళ్లకు నైలుకు దూరంగా, కోమ్ ఓంబో దగ్గర ఇళ్లు కట్టించి, కొత్త ఊళ్లకు పాత ఊళ్ల పేర్లే పెట్టారు. పేరు దాచారు, నదిని వదిలేశారు. గుడి విషయంలో కుదిరింది మనుషుల విషయంలో ఎందుకు కుదరలేదు? సాంకేతికంగా కుదరక కాదు. గుడి తరఫున అడిగేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

మన చట్టం మారింది. 2013లో కొత్త భూసేకరణ, పునరావాస చట్టం వచ్చి 2014 జనవరి 1 నుంచి అమలైంది. క్లాసుకు రెండో వెర్షన్. ఇందులో బాధిత కుటుంబం అంటే భూమి ఉన్నవాడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, దాని మీదే ప్రధానంగా బతికిన కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు కూడా. పునరావాస కాలనీలో ఏమేం ఉండాలో చెప్పే షెడ్యూలులో శ్మశానం ఉంది, పశువుల మేతభూమి ఉంది, ప్రార్థనాస్థలాలున్నాయి. ప్రతి 50 కుటుంబాలకూ జనం కూడే చెట్టు అరుగు ఉండాలని కూడా ఉంది. అంటే మన రచ్చబండే. చట్టం చదువుతూ ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఎవరో ఎక్కడో పోగొట్టుకుని, పోయిందని చెప్పగా చెప్పగా ఆ ఫీల్డు వచ్చి ఉంటుంది. అరుగు కట్టొచ్చు, చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, నిజమే. అయినా ఫీల్డు ఉంటే లేదని అడగొచ్చు. గండికోట జలాశయం కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి కడప జిల్లా ఊళ్లవాళ్లు ప్యాకేజీ కోసం, పునరావాసం కోసం పట్టుబట్టగలిగారంటే, చేతిలో అడగడానికి ఒక మాట ఉంది కాబట్టే.

కానీ పాత వెర్షన్‌లో దాచిన ఆబ్జెక్టును కొత్త వెర్షన్ క్లాసుతో చదివితే ఏమవుతుంది? కొత్తగా చేర్చిన ఫీల్డులన్నీ నల్‌గా వస్తాయి. అప్పుడు రాయనిది ఇప్పుడు ఎట్లా వస్తుంది? 1981లో ఊరు వదిలిన కూలీకి 2013 చట్టం ఇచ్చేదేమీ లేదు. మధ్యలో ఒక అతుకు వేశారు. 1986లో వచ్చిన జీవో 98, శ్రీశైలం ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్నది. ఆ జీవో నంబరు కర్నూలు వైపు ఎంతోమందికి ఇంటిపేరంత పరిచయం. ఉద్యోగం కోసం ధర్నాలు చేసినవాళ్లు చేస్తూనే వయసు దాటిపోయారు. అక్కడ ఒకటే ప్రశ్న పదేపదే వస్తుంది: నువ్వు ముంపు కుటుంబం వాడివేనని రుజువేది? అంటే, ఏ పట్టికలో నీకు గడి లేకపోయిందో ఆ పట్టికే తెచ్చి చూపించమని.

పట్టిక ఉన్నా అది ఎన్నాళ్లు మాట్లాడుతుంది? దాచిన బైట్లలో క్లాసు ఉండదు, క్లాసు పేరు ఉంటుంది. చదివేవాడి దగ్గర ఆ క్లాసు లేకపోతే బైట్లు పదిలంగా ఉండి కూడా పనికిరావు. కర్నూలు జిల్లాలోనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్షరాలు బండ మీద నిలిచే ఉన్నాయి, బ్రాహ్మిని చదివే మనుషులే లేకుండా పోయారు. 1837 ప్రాంతంలో ప్రిన్సెప్ ఆ లిపిని విప్పేదాకా దేశంలోని అశోక శాసనాలేవీ నోరు విప్పలేదు. ఎర్రగుడిలో ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకీ నడుస్తాయి. ఏ వైపు నుంచి చదవాలో తెలిస్తే తప్ప అవి గీతలే. ముంపు ఊళ్ల అవార్డు కాగితాల్లో సర్వే నంబర్లు అట్లాగే ఉంటాయి. ఆ నంబరు ఏ చేను, ఆ చేనులో ఎవరు కలుపు తీశారు, దాని గట్టున ఏ దేవర ఉండేది, ఇది చెప్పగలిగినవాళ్లకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. ఆ కాగితాలకు వాళ్లే క్లాసు.

మా పనిలో ఒక మంచి అలవాటుంది. ఫీల్డు ముందు ట్రాన్సియెంట్ అని రాస్తే, ఎందుకు దాచడం లేదో, తిరిగి ఎవరు నింపుతారో పక్కన ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ మాట రాసే హక్కు కూడా లేనట్టే. కోడ్ రివ్యూలో నేను మొదట చూసేది ఇదే. పెద్ద సిద్ధాంతమేం కాదు. కానీ ఒక జలాశయానికీ, ఒక రోడ్డు వెడల్పుకీ, ఒక బడి మూతకీ ఇదే అలవాటు ఉంటే ఎట్లా ఉండేదో ఆలోచించండి. కాగితంలో ఏం రాశామన్న పట్టికతో పాటు, ఏం రాయలేదన్న పట్టిక ఇంకోటి. కూలి, బీడు, పూడ్చిన చోటు, నడక దూరం. వీటికి వెల కట్టలేకపోవచ్చు. వెల కట్టలేనివి అని పేరుపేరునా రాయడానికి మాత్రం అడ్డేముంది?

కళాకర్షణ చేసే ఆచార్యుడు కుంభంలోకి వచ్చిందేదో కొలవలేడు. అయినా దానికంటూ ఒక కుండ తెచ్చిపెడతాడు. గుళ్లకు రాళ్లకు నంబర్లూ ఉన్నాయి, రాళ్లు కానిదానికి కుండా ఉంది. మునిగిన ఊళ్లకు కనీసం ఆ కుండైనా ఇప్పుడు పెట్టొచ్చు. కర్నూలులో, నంద్యాలలో, అలంపురంలో ఆ ఊళ్ల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, ఒక్కో ఊరికి ఒక్కో కాగితం మీద, ఎవరింటి పక్కన ఎవరిల్లో రాసుకుంటే చాలు. అంతటితో ఊరు తిరిగి రాదు. అక్కడేముండేదని తర్వాత అడిగినవాడికి మాత్రం నల్ అని జవాబు రాదు.